యోస్తా ఎక్మన్: దొంగ సిక్కన్ నుంచి పోలీసు బెక్ దాకా

స్వీడన్ సినిమా చరిత్ర చదవడం మొదలుపెట్టినవారిని ముందుగా తికమకపెట్టేది ఎక్మన్ అనే ఇంటిపేరు. 1926లో జర్మన్ దర్శకుడు మూర్నౌ తీసిన ‘ఫౌస్ట్’ అనే మూకీ చిత్రంలో సైతానుకు ఆత్మను రాసిచ్చిన పండితుడిగా నటించినవాడు యోస్తా ఎక్మన్. 1981లో ఇనప్పెట్టెలు కొల్లగొట్టడానికి పకడ్బందీ పథకాలు వేసి, చివరి నిమిషంలో బోల్తాపడే సిక్కన్ అనే దొంగల నాయకుడిగా స్వీడన్ మొత్తాన్నీ నవ్వించినవాడు కూడా యోస్తా ఎక్మనే. ఈ ఇద్దరి మధ్య హాస్సె ఎక్మన్ అనే దర్శకుడు ఎదురవుతాడు. కొంచెం ముందుకు వెళితే హాస్సె ఆల్ఫ్రెడ్సన్ అనే మరో హాస్సె కనిపిస్తాడు. 1993కు వచ్చేసరికి, దొంగ వేషంతో ఇంటింటా తెలిసిన ఆ యోస్తా ఎక్మన్ స్టాక్‌హోమ్ హత్యల విభాగంలో పనిచేసే మార్టిన్ బెక్ అనే విషాదమూర్తి అయిన పోలీసు అధికారిగా దర్శనమిస్తాడు.

పేర్ల చిక్కు విడదీయడం తేలికే: ఫౌస్ట్ తాత, దొంగ మనవడు, నడుమ ఉన్న హాస్సె ఎక్మన్ మొదటివాడికి కొడుకు, రెండవవాడికి తండ్రి. తాత పేరు మనవడికి పెట్టుకోవడం తెలుగు ఇళ్లలోనూ ఉన్నదే కనుక అది మనకు వింతగా తోచదు. రెండవ చిక్కు మాత్రం అంత సులువుగా విడిపోయేది కాదు. ఒక దేశం తన అభిమాన హాస్యపాత్రగా చూసుకున్న నటుడే, పన్నెండేళ్ల తేడాలో, అదే దేశపు నేరసాహిత్యంలో అత్యంత గంభీరమైన పాత్రకు ఎలా సరిపోయాడు? హాస్యనటుడు తనలోని ‘అసలు నటుడిని’ నిరూపించుకోవాలని తపించాడన్నది ఇలాంటి సందర్భాల్లో అలవాటుగా వచ్చే సమాధానం. ఎక్మన్ విషయంలో ఆ సమాధానం తప్పని నా అభిప్రాయం. అతను ఒక దారి విడిచి మరో దారి పట్టలేదు. దొంగకూ పోలీసుకూ అతను వాడిన సరుకు ఒకటే.

తాత యోస్తా ఎక్మన్ 1890 డిసెంబరు 28న స్టాక్‌హోమ్‌లో పుట్టాడు. రెండు ప్రపంచయుద్ధాల నడుమ కాలంలో స్వీడిష్ రంగస్థలానికి అతను ఆరాధ్యుడు. ముఖానికి రంగు వేసుకుని పూర్తిగా మరో మనిషిగా మారిపోవడం అతని ప్రత్యేకత; ‘ఫౌస్ట్’లో వంగిపోయిన ముసలి పండితుడూ, యవ్వనం తిరిగి పొందిన అందగాడూ అతనే. 1936లో గుస్తావ్ మొలాందర్ దర్శకత్వంలో వచ్చిన ‘ఇంటర్మెజ్జో’లో పెళ్లయి పిల్లలున్న వయొలిన్ విద్వాంసుడిగా, ఇంకా హాలీవుడ్ ముఖం చూడని ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ సరసన నటించాడు. ఆ విద్వాంసుడి కొడుకుగా తెరమీద కనిపించినవాడు అతని సొంత కొడుకు హాస్సె. విశ్రాంతి ఎరుగని పనీ, మాదకద్రవ్యాల అలవాటూ కలిసి దేహాన్ని తొలిచివేయగా, 1938 జనవరి 12న నలభై ఏడేళ్ల వయసులో తాత కన్నుమూశాడు. మనవడు పుట్టింది 1939 జూలై 28న. అంటే ఏడాదిన్నర తేడాతో వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకునే అవకాశమే లేకపోయింది. మనవడికి అందింది పేరూ, ఆ పేరు చుట్టూ అల్లుకున్న కీర్తీ మాత్రమే.

తండ్రి హాస్సె ఎక్మన్ది (1915–2004) వేరే తరహా ప్రతిభ. రాయగలడు, నటించగలడు, దర్శకత్వం వహించగలడు, మూడూ ఒకే సినిమాలో చేయగలడు. 1940లలో స్వీడన్‌లో ఇంగ్మార్ బెర్గ్‌మన్‌కు సాటిగా నిలబడగల దర్శకుడిగా అతని పేరు వినిపించేది. బెర్గ్‌మన్ సినిమాల్లో అతను నటించాడు కూడా. 1950లో అతను తీసిన ‘ఒక అమ్మాయి, హయసింత్ పూలు’ ఆత్మహత్య చేసుకున్న యువతి కథ. ఆమె ఎందుకలా చేసిందో తెలుసుకోవాలని పక్కింటివాళ్లు చేసే అన్వేషణే అందులోని కథనం. ఆ రోజుల్లో తెరమీద దాదాపు ఎవరూ చూపడానికి సాహసించని స్వలింగ ప్రేమను నిందలేని గొంతుతో చెప్పిన చిత్రమది. ఇంత చేసినవాడు 1964లో స్వీడన్ విడిచి స్పెయిన్‌లో స్థిరపడ్డాడు, సినిమాలనుంచి దాదాపు పూర్తిగా తప్పుకున్నాడు. అప్పటికి కొడుకు యోస్తాకు పాతికేళ్లు. తాత కీర్తి ఒకవైపు, తండ్రి మేధ మరొకవైపు ఉండగా, ఆ ఇంట్లో మూడవ తరం నటుడు కావడం వరమో భారమో చెప్పడం కష్టం. తాతలాగా రంగు పూసుకుని మాయమైపోయే విద్యను గానీ, తండ్రి మాటల చాతుర్యాన్ని గానీ ఈ మూడవ ఎక్మన్ తన ప్రధాన ఆయుధంగా ఎంచుకోలేదని మాత్రం చెప్పవచ్చు. నిటారుగా నిలిచిన సన్నని దేహం, సభ్యతతో బిగుసుకున్న ముఖం, ప్రతి చిన్న పనినీ పరీక్ష రాస్తున్నట్టు చేసే చేతులు: అతని పనిముట్లు ఇవి.

ఆ పనిముట్ల విలువ మొదట కనిపెట్టినవారిలో హాస్సె ఆల్ఫ్రెడ్సన్ (1931–2017), టాగే డానియెల్సన్ (1928–1985) ముఖ్యులు. స్వీడన్‌లో ఈ ఇద్దరినీ విడివిడిగా పిలిచేవారు తక్కువ. ‘హాస్సె, టాగే’ అని ఒక్క గుక్కలో జంటగానే పిలుస్తారు. 1961లో వాళ్లు స్థాపించిన స్వెన్స్కా ఊర్డ్ అనే సంస్థ రెండు దశాబ్దాలకు పైగా రంగస్థల ప్రదర్శనలూ, పాటలూ, పుస్తకాలూ, సినిమాలూ అందించింది. వాళ్ల హాస్యం అధికారాన్నీ, డబ్బునూ, ప్రకృతిని అమ్ముకునే దురాశనూ సూటిగా విమర్శించేది. అయితే మనిషి మీద దయను ఎప్పుడూ వదులుకోలేదు. 1965లో డానియెల్సన్ తీసిన సినిమాలో పీతల్లాంటి క్రేఫిష్‌తో చేసుకునే ఆగస్టు విందు కోసం కొందరు పడవలో ఒక దీవికి బయలుదేరుతారు. కొందరు పడవలో ఉంటారు, వాళ్లకోసం ఎదురుచూసేవాళ్లు దీవిమీద ఉంటారు, పడవ మాత్రం రేవుకు కట్టుబడదు. కథంతా ఇంతే. యోస్తా ఎక్మన్ ఆ బృందంలో ఒకడు. 1971 నాటి ‘యాపిల్ యుద్ధం’లో పల్లెటూరి ప్రకృతిని ఒక విదేశీ వ్యాపారి వినోదనగరంగా మార్చాలని చూస్తే, ఊరివాళ్లూ అక్కడి మంత్రశక్తులూ కలిసి ఎదిరిస్తారు, అందులోనూ అతను ఉన్నాడు.

1972లో డానియెల్సన్ తన నవల ఆధారంగానే తీసిన ‘పొగతాగడం మానేసిన మనిషి’లో యోస్తా ఎక్మన్ కథానాయకుడయ్యాడు. ఇటలీ మహాకవి దాంతే అలిగియేరి పేరే పెట్టుకున్న ఒక ధనిక యువకుడు పొగ మానితేనే తండ్రి ఆస్తి దక్కుతుందని వీలునామా చెబుతుంది. తన మీద తనకే నమ్మకం లేక, తనను కనిపెట్టి ఉండేందుకు గూఢచారులను నియమించుకుంటాడు. ఇక్కడ గమనించవలసింది నటన తీరు. ఈ కథ మరొకరి చేతిలో పడితే కళ్లు తిప్పడం, దగ్గడం, జేబులు తడుముకోవడంతో నవ్వు పుట్టించేవారు. ఎక్మన్ మాత్రం ఆ మనిషి కష్టాన్ని నిజమైన కష్టంగానే నమ్మాడు. ఆ పాత్రకు తాను నవ్వు తెప్పిస్తున్న సంగతి తెలియదు. తెలిస్తే బాధపడేటట్టు ఉంటాడు. ఎక్మన్ హాస్యానికి మూలసూత్రం అదేనని నేను అనుకుంటాను: ప్రేక్షకుడిని నవ్వమని ఒక్కసారి కూడా అడగకపోవడం.

దీనికి ముందే, 1969లో, అమెరికన్ రచయిత్రి సుసాన్ సొంటాగ్ స్వీడన్ వచ్చి తన మొదటి సినిమా ‘నరభక్షకుల యుగళం’ తీసినప్పుడు అందులో ప్రవాసంలో ఉన్న ఒక జర్మన్ మేధావి దగ్గర పనికి కుదిరి, ఆ భార్యాభర్తల ఆటలో చిక్కుకునే యువకుడిగా ఎక్మన్‌నే ఎంచుకుంది. అది హాస్యచిత్రం కాదు. అయినా అక్కడి యువకుడికీ, పొగ మానలేని దాంతేకూ ఉన్న పోలిక స్పష్టం. ఇద్దరూ తమకు అర్థంకాని నియమాలకు మర్యాదగా లోబడేవారే. అతని నటజీవితాన్ని ‘ముందు హాస్యం, తరువాత గాంభీర్యం’ అని రెండు ఖండాలుగా కోయడం ఎందుకు కుదరదో ఈ ఒక్క సినిమాతోనే తెలుస్తుంది.

1978లో వచ్చిన ‘పికాసో సాహసాలు’ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. డానియెల్సన్ దర్శకత్వంలో, స్వీడన్ దక్షిణభాగంలోని తోమెలిల్లా పరిసరాల్లో తీసిన ఈ చిత్రంలో స్పెయిన్, పారిస్, లండన్ అన్నీ ఆ చిన్న ఊరి చుట్టుపక్కలే వెలిశాయి. పాత్రలు అరకొర స్పానిష్, అరకొర ఫ్రెంచ్, కొన్నిసార్లు ఏ భాషా కాని భాష మాట్లాడతాయి. కథను ముందుకు నడిపేది వ్యాఖ్యాత గొంతు. కాబట్టి నటులకు మాట దాదాపు అక్కరకు రాదు, దేహమే చెప్పాలి. ఎక్మన్ యువ చిత్రకారుడిగా మొదలై ముసలి పికాసో దాకా ఒకే సినిమాలో ప్రయాణించాడు. తాత ‘ఫౌస్ట్’లో ముసలివాడు యువకుడైతే, మనవడు పికాసోగా యువకుడినుంచి ముసలివాడయ్యాడు, యాభై రెండేళ్ల ఎడంతో ఒకే పేరున్న ఇద్దరు నటులు ఒకే విద్యను చెరో దిశనుంచి చూపారు. తాత మార్పు ముఖంలో జరిగింది, మనవడి మార్పు నడకలో. కీర్తి పెరిగేకొద్దీ ఇతరుల ఆశకు బందీ అయ్యే కళాకారుడి కథ అది. ఇంత నవ్వులోనూ ఆ బందీతనం మనకు తెలుస్తూనే ఉంటుందంటే, అందుకు కారణం ఎక్మన్ నడకలో క్రమంగా చేరే ఆ బరువే.

మాటలేని ఈ విద్య 1980లో టెలివిజన్‌కు వచ్చింది. రచయిత రోల్ఫ్ బోర్యిలిండ్‌తో కలిసి రూపొందించిన చిన్న చిన్న హాస్యఖండికల్లో ఎక్మన్ పోషించిన పాత్ర పేరు పాప్‌హమ్మర్. కోటు వేసుకున్న ఒక సాధారణ పౌరుడు, నలుగురిలో నలుగురిలాగే ఉండాలని అతని ఏకైక కోరిక. లోకంలోని వస్తువులు అతన్ని అలా ఉండనివ్వవు. పొరపాటు జరుగుతుంది, ఎవరూ చూడకముందే దాన్ని సరిదిద్దాలని చూస్తాడు, సరిదిద్దే ప్రయత్నం మరో పొరపాటవుతుంది. ఇలాంటి పాత్రలను చూసినప్పుడు ఫ్రాన్స్‌కు చెందిన హాస్యనటుడు, దర్శకుడు జాక్ తాతి గుర్తుకు రావడం సహజం. తేడా కూడా అక్కడే ఉంది. తాతి సృష్టించిన యులో తన చుట్టూ రేగుతున్న గందరగోళాన్ని చాలాసార్లు గమనించనే గమనించడు, అందుకే అతను స్వేచ్ఛాజీవి. పాప్‌హమ్మర్ అన్నీ గమనిస్తాడు. తన అవమానానికి మొట్టమొదటి సాక్షి తానే. ఆ రెండు మూడు నిమిషాల్లో ఎక్మన్ ముఖం మీద నడిచేది సిగ్గును దాచుకునే మనిషి కథ. చిన్న దేశంలో, ఒకరికొకరు ఇబ్బంది కలిగించకూడదనే కట్టుబాటు బలంగా ఉన్న సమాజంలో, ఆ కథ ప్రతి ఇంటికీ తెలిసిన కథ అయింది.

మరుసటి ఏడాదే సిక్కన్ వచ్చాడు. ఇక్కడ మరో చిక్కు విప్పాలి, ఎందుకంటే సిక్కన్ స్వీడన్‌లో పుట్టినవాడు కాదు. 1968లో డెన్మార్క్‌లో దర్శకుడు ఎరిక్ బాలింగ్, రచయిత హెన్నింగ్ బాస్ కలిసి ‘ఓల్సెన్ ముఠా’ అనే చిత్రమాల ప్రారంభించారు. అందులో ఎగోన్ ఓల్సెన్ అనే దొంగ ప్రతి సినిమా మొదట్లో జైలునుంచి బయటికి వస్తాడు, మహత్తరమైన పథకంతో వస్తాడు, పథకం దాదాపు గెలుస్తుంది, చివరికి ఏదో ఒక తెలివితక్కువతనం వల్ల అంతా కూలిపోతుంది. మరుసటి ఏడాదే నార్వే ఈ కథలను తనదిగా మార్చుకుంది. స్వీడన్ వంతు 1981లో వచ్చింది. ఎగోన్ స్థానంలో చార్లెస్-ఇంగ్వార్ యోన్సన్, ముద్దుపేరు సిక్కన్, నాయకుడయ్యాడు. ఉల్ఫ్ బ్రున్‌బెర్గ్ వాన్‌హేడెన్ అనే దర్జా కోరుకునే మోసగాడిగా, రెండవ చిత్రంనుంచి బ్యోర్న్ గుస్తాఫ్సన్ పేలుడు పదార్థాలమీద మక్కువగల డైనమైట్ హ్యారీగా తోడయ్యారు. 1981, 1982, 1984, 1986, 1989లలో వచ్చిన ఐదు చిత్రాల్లో ఎక్మన్ సిక్కన్‌గా నటించాడు. మొదటిదాని తరువాత వాటికి దర్శకుడు అతని తమ్ముడు మికాయెల్ ఎక్మన్. అంటే తాత రంగస్థలానికీ, తండ్రి కళాత్మక చిత్రానికీ ఇచ్చిన శ్రమను ఈ అన్నదమ్ములు ఏ సంకోచమూ లేకుండా ప్రజావినోదానికి ఇచ్చారు.

డేనిష్ మూలంతో పోల్చి చూస్తే ఎక్మన్ చేసిన మార్పు తేటపడుతుంది. ఓవే స్ప్రోగోయె పోషించిన ఎగోన్ ఓల్సెన్ తన అనుచరుల మీద కురిపించే తిట్ల వర్షానికి పేరుపొందినవాడు. కోపం అతని పాత్రకు ఇంధనం. సిక్కన్‌కూ కోపం వస్తుంది, కానీ దానికింద ఉన్నది గాయపడిన ఆత్మగౌరవం. అతను దొంగ అన్న సంగతి మరిచిపోతే, సిక్కన్ ఒక ఆదర్శ ఉద్యోగి. పథకాన్ని క్షణాల లెక్కన విభజిస్తాడు, కావలసిన సామగ్రి జాబితా రాసిస్తాడు, బెర్లిన్‌కు చెందిన ఫ్రాంజ్ యేగర్ తయారుచేసిన ఇనప్పెట్టె ముందు మోకరిల్లినప్పుడు పూజారిలో ఉండే ఏకాగ్రత కనిపిస్తుంది. తన పనిలో తనను మించినవాడు లేడని అతనికి తెలుసు. ఆ విషయం లోకానికి తెలియకపోవడమే అతని బాధ. కాబట్టి పథకం కూలినప్పుడు మనం నవ్వుతూనే కొంచెం నొచ్చుకుంటాం. కూలింది డబ్బు మీది ఆశ కాదు, ఒక నిపుణుడి పరువు.

స్వీడిష్ కథల్లో ప్రతినాయకుడు వాల్-ఎన్‌బెర్గ్ అనే కోటీశ్వరుడు కావడం ఈ సానుభూతికి మరింత బలమిచ్చింది. పెర్ గ్రుండేన్ ఎంతో దర్పంగా పోషించిన ఆ పాత్ర పేరు వింటే స్వీడన్‌లో బ్యాంకులూ పరిశ్రమలూ ఏలిన వాలెన్‌బెర్గ్ కుటుంబం ఎవరికైనా గుర్తొస్తుంది. సినిమాలో అసలు పెద్ద దొంగతనాలు చేసేది అతనే, చట్టం జోలికి పోకుండా చేసేదీ అతనే. చిన్న దొంగ పెద్ద దొంగ చేతిలో చిక్కి చావు అంచులదాకా వెళ్లి రావడం ఈ కథల్లో దాదాపు ఆచారమైంది. హాస్సె, టాగేల సినిమాల్లో సూటిగా వినిపించిన సామాజిక విమర్శ ఇక్కడ పిల్లల వినోదం ముసుగులో కొనసాగిందని అంటే అతిశయోక్తి కాదు.

1989 చిత్రంతో ఎక్మన్ సిక్కన్‌ను వదిలేశాడు. 1992లో ముఠా మళ్లీ తెరకెక్కినప్పుడు నాయకుడి స్థానంలో పేటర్ హాబర్ అనే నటుడు మరో పాత్రతో వచ్చాడు. ఈ పేరు గుర్తుంచుకోవడం అవసరం.

మార్టిన్ బెక్ సంగతికి వద్దాం. మాయ్ షోవాల్, పెర్ వాలో అనే జీవిత సహచరులు 1965నుంచి 1975దాకా దాదాపు ఏడాదికొకటి చొప్పున రాసిన పది నవలల్లో బెక్ కథానాయకుడు. ఈనాడు స్కాండినేవియా నేరసాహిత్యం పేరుతో ప్రపంచమంతా చదువుతున్న సాహిత్యానికి దారి వేసినవి ఆ పుస్తకాలే. బెక్ సాహసవీరుడు కాదు. కడుపునొప్పి, జలుబు, చల్లబడిన కాపురం, వీటి నడుమ ఓర్పుతో ఒక్కొక్క వివరాన్నీ పోగుచేసే ప్రభుత్వోద్యోగి. 1993, 94లలో ఈ నవలల్లో ఆరింటిని స్వీడిష్-జర్మన్ సంయుక్త నిర్మాణంలో తెరకెక్కించినప్పుడు బెక్ పాత్ర ఎక్మన్‌కు వచ్చింది. భారీకాయుడు, కోపిష్ఠి అయిన గున్‌వాల్డ్ లార్షన్‌గా రోల్ఫ్ లాస్గోర్డ్, మిత్రుడు కోల్‌బెర్గ్‌గా షెల్ బెర్గ్‌క్విస్ట్ నటించారు. వాటిలో ‘రోసానా’కూ, ‘వసారాలో మనిషి’కీ దర్శకత్వం వహించిన డానియెల్ ఆల్ఫ్రెడ్సన్, హాస్సె ఆల్ఫ్రెడ్సన్ కొడుకు. తండ్రి హాస్యానికి దేహమిచ్చిన నటుడే కొడుకు చేతిలో విషాదానికి దేహమిచ్చాడు.

సిక్కన్ అభిమానులకు ఇది విడ్డూరంగా తోచి ఉండవచ్చు గానీ, బెక్ పాత్ర చరిత్ర చూస్తే విడ్డూరమేమీ లేదు. 1976లో బూ వీడెర్‌బెర్గ్ తీసిన ‘డాబా మీద మనిషి’లో బెక్‌గా నటించిన కార్ల్-గుస్తావ్ లింద్‌స్టెట్ కూడా స్వీడన్‌లో హాస్యనటుడిగానే ప్రసిద్ధుడు. అంతకు మూడేళ్ల ముందు హాలీవుడ్ ఈ నవలల్లో ఒకదాన్ని శాన్‌ఫ్రాన్సిస్కోకు మార్చి తీసినప్పుడు ఆ పాత్రకు ఎంచుకున్నది వాల్టర్ మథావును, అతనూ హాస్యంలో ఆరితేరినవాడే. వేరువేరు దర్శకులు, వేరువేరు దేశాల్లో, ఒకే నిర్ణయానికి రావడం యాదృచ్ఛికమని నేను అనుకోను. హాస్యనటుడికి ఓడిపోవడం తెలుసు. తన దేహం తన మాట వినని క్షణాన్ని దాచకుండా చూపడం అతని వృత్తి. బెక్‌కు కావలసింది సరిగ్గా అదే: అన్నీ సవ్యంగా చేసినా అన్నీ సవ్యంగా ముగియవని ఎరిగిన మనిషి.

ఎక్మన్ బెక్‌లో సిక్కన్‌ను వెతకడం కష్టం కాదు. అదే నిటారుతనం, వివరాల మీద అదే పట్టు, చుట్టూ ఉన్నవాళ్ల నిర్లక్ష్యానికి అదే మౌనమైన నొప్పి. పాప్‌హమ్మర్ తన సిగ్గును దాచుకున్నట్టే బెక్ తన అలసటను దాచుకుంటాడు. తీసివేసింది ఒక్కటే, పథకం కూలినప్పుడు మనకు నవ్వే అనుమతి. సిక్కన్ తప్పుకు పరిహారం జైలు, బెక్ తప్పుకు పరిహారం మరొకరి ప్రాణం. ఆ తేడా కథ చేసింది, నటుడు కాదు.

వ్యక్తిగత జీవితంలో 1989లో అతను చిత్రకారిణి, సినీ దర్శకురాలు మారీ-లూయీస్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఎక్మన్ ఇంటిపేరుతోనే ఆమె 2009నుంచి 2014దాకా స్టాక్‌హోమ్‌లోని స్వీడిష్ జాతీయ నాటకశాల ద్రమాతెన్‌కు అధినేత్రిగా పనిచేసింది. యోస్తా ఎక్మన్ 2017 ఏప్రిల్ 1న, డెబ్బై ఏడేళ్ల వయసులో మరణించాడు. అదే ఏడాది సెప్టెంబరులో హాస్సె ఆల్ఫ్రెడ్సన్ కూడా వెళ్లిపోవడంతో స్వీడిష్ హాస్యంలో ఒక తరం దాదాపు ఖాళీ అయింది.

బెక్ పాత్ర మాత్రం ఆగలేదు. 1997లో కొత్త కథలతో మొదలై ఏళ్ల తరబడి సాగిన చిత్రమాలలో ఆ పాత్ర పేటర్ హాబర్‌కు దక్కింది. సిక్కన్ ఖాళీ చేసిన ముఠా నాయకుడి కుర్చీలో 1992లో కూర్చున్న ఆ హాబరే. ఆ కొత్త కథలను మొదట్లో తీర్చిదిద్దిన రచయితల్లో ముఖ్యుడు రోల్ఫ్ బోర్యిలిండ్, అంటే పాప్‌హమ్మర్‌ను ఎక్మన్‌తో కలిసి సృష్టించినవాడు. దొంగల ముఠాలోనూ, పోలీసు ఠాణాలోనూ ఎక్మన్ తరువాత అదే మనిషి అడుగుపెట్టడం, ఆ ఠాణా కథలు ఒక హాస్యరచయిత కలంనుంచే రావడం స్వీడన్‌లో ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు.